హేజెల్‌కి రాని జబ్బు

మనిషికి చావు దగ్గరపడిందని తెలిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్ళు ఎంత మంచివాళ్ళయిపోతారో! అప్పటిదాకా కాఫీ అడిగితే విసుక్కున్న కోడలు హార్లిక్సు కలిపి తెస్తుంది. ఏళ్ళ తరబడి మాటల్లేని తోడికోడలు రైలెక్కి పళ్ళబుట్టతో దిగుతుంది. తీరా డాక్టరుగారు, "పొరబాటయిందండీ, మీకే జబ్బూ లేదు" అన్నారనుకోండి. ఆ మర్యాదలన్నీ ఏం కావాలి? పళ్ళబుట్ట తిరిగిచ్చేస్తామా?

సరిగ్గా ఈ చిక్కు మీదే 1937 నవంబరులో అమెరికాలో ఒక సినిమా విడుదలయింది. పేరు 'నథింగ్ సేక్రెడ్'. కథనం బెన్ హెక్ట్‌ది, దర్శకత్వం విలియం వెల్‌మన్‌ది. నాయిక హేజెల్ ఫ్లాగ్ వేషం కరోల్ లొంబార్డ్ వేసింది.

హేజెల్ వార్సా అనే చిన్న ఊళ్ళో గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసిన పిల్ల. ఒంటికి రేడియం విషమెక్కిందనీ, ఇక ఎన్నాళ్ళో బతకదనీ ఊరి డాక్టరు డౌనర్ తేల్చేశాడు. కొన్నాళ్ళకి ఆయనే, "నీకేం లేదమ్మా, నాదే పొరబాటు" అన్నాడు. పిల్ల ఎగిరి గంతెయ్యాలా? ఒక పక్క సంతోషం, ఒక పక్క ఏడుపు! పోయేలోగా ఒక్కసారి ఆ ఊరు దాటి లోకం చూడాలనుకుంది మరి. బతికితే ఆ ఊళ్ళోనే బతకాలి!

అప్పుడే న్యూయార్కు నుంచి వాలీ కుక్ అనే విలేకరి దిగాడు. అంతకుముందు ఒక బూటకపు కథ బయటపడి పత్రికలో పరువు పోగొట్టుకున్నవాడు. చావబోయే అమ్మాయికి పట్నం చూపిస్తానన్నాడు. ఆ పిల్ల నిజం మింగేసి బయల్దేరింది. డాక్టరూ వెంట బయల్దేరాడు. ఇక చూడండి వైభోగం! ఊరేగింపులూ, విందులూ, కన్నీళ్ళూ. చివరికి కుస్తీ పోటీ కూడా ఆపి ఆవిడ కోసం మౌనం పాటిస్తారు.

వీళ్ళలో పరమ దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. అయితే ఆ పిల్ల చావుతో ప్రతివాడికీ ఒక పని ఉంది. డాక్టరుకి షికారు, విలేకరికి ఉద్యోగం, సంపాదకుడికి అమ్మకాలు, ఊరికి హాయిగా ఏడ్చే అవకాశం. గుట్టు రట్టయ్యాక కూడా పెద్దలంతా కలిసి ఆ అబద్ధాన్నే కాపాడతారు. హేజెల్ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పెళ్ళాడిన వాలీతో ఓడెక్కి మాయమవుతుంది.

ఇంతకీ గడియారాల ఫ్యాక్టరీకీ రేడియానికీ సంబంధమేమిటంటారా? అక్కడే నవ్వు ఆగిపోతుంది.

1917 నుంచి న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో అమ్మాయిలు చీకట్లో మెరిసే గడియారాలకి రేడియం కలిపిన రంగుతో అంకెలు దిద్దేవారు. కుంచె మొన సన్నబడాలంటే పెదాలతో నొక్కాలి, రంగులో ముంచాలి, దిద్దాలి. ప్రమాదమేమీ లేదన్నారు పైవాళ్ళు. రాత్రి ఇంటికొస్తే జుట్టూ గౌనూ మిలమిలలాడేవి. సరదాకి గోళ్ళకి, పళ్ళకి కూడా పూసుకునేవాళ్ళు. ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞులు మాత్రం సీసపు తెరల చాటున పనిచేసేవారు.

తర్వాత పళ్ళు ఊడాయి, దవడలు కుళ్ళాయి. 1922లో పోయిన ఒకామె మరణపత్రంలో సుఖవ్యాధి అని రాశారు. ప్రాణంతోపాటు పరువూ తీశారన్నమాట. 1927లో శవాన్ని బయటికి తీసి పరీక్షిస్తే ఎముకల్లో రేడియం ప్రభావం కనిపించింది. గ్రేస్ ఫ్రయర్ అనే ఆమె, మరో నలుగురు కోర్టుకెక్కారు. కేసు పట్టే వకీలు దొరకడానికే రెండేళ్ళు పట్టింది. 1928లో రాజీ కుదిరి, ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏడాదికి 600 డాలర్ల భరణం, వైద్యఖర్చులు ఇస్తామన్నారు.

అదే ఏడు ఇల్లినాయిస్‌లోని ఒటావాలో మరో కంపెనీ, తమ పనివాళ్ళకే జబ్బూ లేదని పత్రికలో ప్రకటన వేసింది. అక్కడ పనిచేసిన కాథరిన్ డొనొహ్యూని కుంటుతోందని 1931లో తీసేశారు. అలా నడిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారట! 1938 ఫిబ్రవరిలో ఆమె కేసు విచారణకొచ్చింది. హేజెల్ సినిమా వచ్చి మూడు నెలలే అయింది. తన జబ్బు నయం కాదని డాక్టరు నోట కోర్టులో విని ఆ ఇద్దరు పిల్లల తల్లి కూలిపోయింది. మర్నాడు విచారణ ఇంటికే తరలివచ్చింది. పడుకునే సాక్ష్యం చెప్పింది. ఏప్రిల్లో గెలిచింది, జులైలో పోయింది. కంపెనీ అప్పీళ్ళు మాత్రం 1939 దాకా నడిచాయి.

హేజెల్‌కి లేని జబ్బు ఉందన్నారు; ఊరంతా నమ్మింది. వీళ్ళకి ఉన్న జబ్బు లేదన్నారు; దాన్నీ లోకం నమ్మింది. మొదటి పొరబాటు దిద్దడానికి డాక్టరు ఒక్క మాట చాలింది. రెండోది దిద్దడానికి జబ్బుపడిన ఆడవాళ్ళే మంచం మీంచి లేచి, "మేం చచ్చిపోతున్నాం" అని రుజువు చేసుకోవాల్సొచ్చింది. మనిషి ఒంట్లో రేడియం ఎంతకి మించకూడదో 1941లో అమెరికాలో హద్దు గీశారు. ఆ లెక్క తేలింది ఇలా రంగులద్దిన పనివాళ్ళ ఒంట్లోంచే.

హేజెల్ ఇప్పటికీ నవ్విస్తుంది. నవ్వు ఆపుకోనక్కర్లేదు. కాకపోతే, మనింట్లో ఏ ఆడమనిషయినా "ఒంట్లో బాగాలేదు" అన్నప్పుడు "ఏం లేదులే" అనేముందు, కాస్త కూచోబెట్టి వినండి.