ఋణదాత తోట

ధనికుల తోటలను, మేడలను చూపు చిత్రములలో మనము సాధారణముగ యజమాని వైభవమునే వెదకుదుము. ‘బంగారము తూచువాని పొలము’ అను పేర ప్రసిద్ధమైన రెంబ్రాంట్ చిత్రము మనకు వేఱొక చూపు నేర్పగలదు.

హాలెండులో హార్లెం నగరమునకు చేరువనున్న సాక్సెన్‌బర్గ్ ఎస్టేటును ఆతడు 1651లో రాగిరేకుపై చిత్రించెను. రేకుకు మైనము పూసి, సూదితో గీచి, ఆ గీతలను ఆమ్లముచే తినిపించి, సిరా నింపి, కాగితముపై నొత్తుట యీ విద్య. కొన్ని గీతలను తిన్నగా లోహముపైననే గీచుటచే, లేచిన యంచులు సిరాను పట్టి మఖమలువంటి నలుపు నిచ్చినవి. అచ్చులో కుడియెడమలు తాఱుమాఱైనవి. సరిహద్దుల పటముగా నిది పనికిరాదు.

ఎస్టేటు యజమాని క్రిస్టాఫెల్ టైస్. 1639లో రెంబ్రాంట్ 13,000 గిల్డర్లకు ఇల్లు కొన్నది టైస్ ప్రభృతులనుండియే. చిత్రము గీచునాటికి ఆ బాకీ తీఱలేదు. ఋణదాతను సంతోషపెట్టుటకే దీనిని గీచెనని కొందఱు పండితుల యూహ. అట్లయినను ఇందు ముఖస్తుతి యెక్కడ? మేడ చెట్లనడుమ చిన్నదై యొదిగియున్నది. బట్టలు చలువచేయు పొలములు, దూరమున చర్చి గోపురము, పైని విశాలమైన యాకాశము: ఇవియే మన కన్నుల నాకర్షించును.

1656లో రెంబ్రాంట్ దివాలా తీసెను. అనంతరకాలమున జనులు టైస్‌ను మఱచి, తోట నింకొక ధనాధికారిదని భ్రమించిరి. చిత్రమునకు ఆ పేరట్లే నిలిచినది. యజమానిని మఱచినను చూపఱుల యానందమునకు లోపము కలుగలేదు. ఇట్టి చిత్రమును చూచునపుడు ‘ఇది యెవరిది?’ అని గాక, ‘ఇందేమి కనబడుచున్నది?’ అని యడుగుటయే రసజ్ఞత.