జామీను: అమ్మడానికి వీల్లేని పూచీ

చెన్నై చింతాద్రిపేటలో ఒకరిని పోలీసులు అరెస్టు చేస్తే ఇంటివాళ్ల చెవిన పడే మాటలు బెయిలు, బాండు, జామీను, జప్తు. ఇవి కలగాపులగమైన చోటే దళారికి పని దొరుకుతుంది. ఒక్కొక్కటే విడదీసి చూద్దాం. ఆధారం 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత.

బెయిలు: షరతుల మీద నిందితుణ్ణి కస్టడీ నుంచి విడుదల చేయడం. అంటే కేసు కొట్టేశారని కాదు, నిర్దోషి అని తేలిందనీ కాదు. పిలిచినప్పుడు వస్తాడన్న నమ్మకం మీద బయట ఉండనివ్వడం, అంతే.

బాండు, బెయిల్ బాండు: అంతకుముందున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (పాత స్మృతి) ఈ రెంటినీ నిర్వచించలేదు. సంహిత 2వ సెక్షన్ నిర్వచించింది. నిందితుడు ఒక్కడే రాసిచ్చే హామీ బాండు. జామీనుదారు కూడా పూచీ పడితే అది బెయిల్ బాండు. అందులో 25,000 రూపాయలని రాస్తే ఆ సొమ్ము ఇప్పుడే కట్టాలని కాదు, మాట తప్పితే ఆ మేరకు బాధ్యత వస్తుందని. బాండుకు బదులు రొక్కం డిపాజిట్ చేయడానికి 490వ సెక్షన్ కింద కోర్టు అనుమతించవచ్చు. అది కోర్టుకు కట్టే సొమ్ము, మనిషి చేతికిచ్చేది కాదు.

జామీనుదారు: నిందితుడు హాజరవుతాడని పూచీ పడే మూడో మనిషి. ఇప్పటికి ఎందరికి జామీను ఉన్నాడో వివరాలతో సహా 486వ సెక్షన్ కింద ప్రకటించాలి. ఈ నియమం 2005 సవరణతో పాత స్మృతిలో చేరింది. ఒకే ఆస్తి చూపి పదిమందికి పూచీ ఉండేవారిని పట్టుకోవడానికి ఇది పనికొస్తుంది. మద్రాసు హైకోర్టు బెయిలు ఉత్తర్వులు జామీనుదారు ఫొటో, ఎడమ బొటనవేలి ముద్ర అడగడం మామూలే. ఆధార్ లేదా బ్యాంకు పాస్‌బుక్ నకలు కూడా తీసుకోవచ్చంటాయి. ఇక, జామీనుదారు ఈ ఊరివాడే కావాలా? అక్కర్లేదు. వేరే జిల్లావాడన్న కారణంతో జామీనును తోసిపుచ్చడాన్ని 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టారు. కాబట్టి చెన్నై కేసులో నెల్లూరు మేనమామను ఊరు పేరు చెప్పి తిప్పి పంపకూడదు.

రుసుము: పూచీ పడినందుకు జామీనుదారు ముందే సొమ్ము పుచ్చుకుని తన నష్టం పూడ్చుకోవచ్చా? 1885లో హెర్మన్ వర్సెస్ యోఖ్నర్ కేసులో ఇంగ్లండు కోర్టు అలాంటి ఒప్పందం చెల్లదంది. మన 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కూడా ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందాన్ని చెల్లనివ్వదు. కారణం సూటిగా ఉంది: పోయేదేమీ లేనివాడికి నిందితుణ్ణి కనిపెట్టుకుని ఉండే అవసరం ఉండదు.

లైసెన్సు: అమెరికాలో చాలా రాష్ట్రాలు బెయిలు ఏజెంటుకు లైసెన్సు ఇస్తాయి. అతను సాధారణంగా బాండు మొత్తంలో పదో వంతు తీసుకుంటాడు. భారతదేశంలో ఈ వ్యాపారాన్ని గుర్తించే చట్టం లేదు. అంటే లైసెన్సు దొరకడం కష్టమని కాదు, అసలు ఇచ్చే అధికారే లేడు. 'లైసెన్సున్న జామీను ఏజెంటు'నని ఎవరన్నా అంటే ఆ మాట అబద్ధం.

జప్తు: నిందితుడు రాకపోతే 491వ సెక్షన్ కింద కోర్టు బాండును జప్తు చేస్తుంది. అంటే రాసిన మొత్తం కట్టమంటుంది, లేదా ఎందుకు కట్టనక్కర్లేదో చెప్పుకోమంటుంది. వసూలు కాకపోతే జామీనుదారుకు ఆరు నెలల దాకా సివిల్ జైలు పడవచ్చు. కారణాలు రాసి కొంత మాఫీ చేసే అధికారం కోర్టుకుంది. జప్తుకు ముందే జామీనుదారు చనిపోతే అతని ఆస్తికి బాధ్యత లేదు.

రికవరీ: పారిపోయినవాణ్ణి పట్టితేవడం. అమెరికా సుప్రీంకోర్టు 1872 నాటి టేలర్ వర్సెస్ టెయింటర్ తీర్పులో జామీనుదారుకు అందుకు విశాలమైన అధికారం ఉందంది. ఇక్కడ జామీనుదారుకు అలాంటి ప్రత్యేక అధికారం లేదు. 40వ సెక్షన్ కింద మామూలు మనిషి అరెస్టు చేయగలిగేది తన కళ్లెదుట బెయిలుకు వీల్లేని కాగ్నిజబుల్ నేరం చేసినవాణ్ణి, లేదా ప్రకటిత నేరస్థుణ్ణి. ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. ఈ హద్దు దాటి గదిలో పెడితే అది అక్రమ నిర్బంధం. నమ్మకం సడలిన జామీనుదారుకు సరైన దారి 489వ సెక్షన్: తనను విడిపించమని మెజిస్ట్రేటును ఎప్పుడైనా అడగవచ్చు. నిందితుణ్ణి రప్పించే వారెంటు కోర్టే ఇస్తుంది. బ్యాంకు అప్పుల రికవరీ ఏజెంటు పని వేరు, అతనికి బెయిలుతో సంబంధం లేదు.

జామీను దొరకని పేదకు చట్టం దారి చూపింది. బెయిలుకు వీలున్న నేరంలో వారం లోగా జామీను ఇవ్వలేనివాణ్ణి నిరుపేదగా భావించి సొంత బాండు మీద వదలాలి. మిగతా కేసుల్లో బాండు మొత్తం తగ్గించమని 484వ సెక్షన్ కింద హైకోర్టును గానీ సెషన్స్ కోర్టును గానీ అడగవచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి. సొమ్ము తీసుకుని పూచీ అమ్ముతామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.