భీమవరం సుబ్బారావుగారి మాత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ మూడు ఊళ్ళలో ఏ మందుల షాపుకెళ్ళినా ఫోలిక్ యాసిడ్ మాత్రలు దొరుకుతాయి. నెల తప్పిందనగానే డాక్టరమ్మ రాసే మొదటి మందు అదే. దాని వెనక మన భీమవరం మనిషి ఒకాయన ఉన్నాడని ఎంతమందికి తెలుసు? నవలలు రాసుకునేదానికి మందుల గొడవెందుకంటారేమో. ఈ కథ ఏ నవలకీ తీసిపోదు మరి.

మొదలు మాత్రం బొంబాయిలో. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికొచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు కడుపుతో ఉండగా నెత్తురు లేక పాలిపోయి, ప్రాణాలమీదికి తెచ్చుకునేవారు. ఏ క్రిమీ కారణం కాదని తేల్చుకున్నాక, ఆవిడ వాళ్ళ కంచాల వైపు చూసింది. (ఆ తెలివి ఆడదానికే వస్తుందని నా నమ్మకం.) మార్మైట్ అనే చవక ఈస్టు ముద్ద తినిపిస్తే వాళ్ళు తేరుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. అందులో ఉన్నదేమిటో మాత్రం అప్పటికి తెలీదు. 1941లో అమెరికాలో టన్నుల కొద్దీ పాలకూర నుంచి రవ్వంత పదార్థం తీసి, లాటిన్‌లో ఆకుకున్న పేరు మీదుగానే ఫోలిక్ యాసిడ్ అన్నారు.

రవ్వంత సరిపోతుందా? టన్నుల ఆకుకూర ఉడకబెట్టి ఎంతమంది గర్భిణులకు పంచగలరు? ఇక్కడే వస్తాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. విరేచనాలతో మనిషి చిక్కి శల్యమయ్యే స్ప్రూ జబ్బు ఆ ఇంట్లో చావుకబురు మోగించి వెళ్ళింది. మద్రాసులో వైద్యం చదివి 1923లో అమెరికా చేరాడు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళాడు. 1945లో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలోనే తయారు చేసింది. స్ప్రూకి కూడా అది పనికొచ్చింది! 1948 ఆగస్టులో అక్కడే కన్నుమూశాడు. మళ్ళీ ఇంటిగడప తొక్కనే లేదు.

ఇక్కడున్న భార్య శేషగిరి మాటేమిటి? పాతికేళ్ళు ఎదురుచూసింది. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి వాడి మొహమే చూడలేదు. లోకంలోని పసివాళ్ళకు ఆయన మాత్ర ఎంత మేలు చేసిందో చదివినప్పుడల్లా నాకు ముందు ఆవిడే గుర్తొస్తుంది.

ఆ మేలు సంగతి ఆలస్యంగా బయటపడింది. 1991లో ఇంగ్లండువారు ఏడు దేశాల్లో జరిపిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. వెన్నెముక, మెదడు సరిగా మూసుకోని బిడ్డను ఒకసారి కన్న తల్లులు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే, ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. "ముందునుంచే" అన్నమాట గమనించండి. బిడ్డ వెన్నుగొట్టం మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల్లోపే. అప్పటికి మనకు నెల తప్పిందో లేదో కూడా తేలదు. మనం సీమంతానికి గాజులు బేరం చేసేసరికి ఆ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది.

అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటినుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు. మునుపు అలాంటి బిడ్డ పుట్టినవాళ్ళకు ఇంకా పెద్ద మోతాదు కావాలి, అది డాక్టరే చెప్పాలి. కానీ కొత్తకోడలు మాత్ర మింగుతుంటే "ఏం జబ్బమ్మా?" అని అడగని ఇల్లేది? అత్తగారే తెచ్చి ఇస్తే ఆ ప్రశ్నే ఉండదు. పుంటికూర పప్పు, తోటకూర, పెసలు మంచివే. అయితే మన ఇళ్ళలో ఆకుకూరని చచ్చేదాకా ఉడికిస్తాం, ఆ వేడికి ఈ విటమిన్ చాలావరకు పోతుంది.

తర్వాతి నెలల్లో ఇనుము కూడా కలిసిన ఎర్రమాత్ర ఇస్తారు. మన ప్రభుత్వం 1970 నుంచే ఇలాంటివి పంచుతోంది. ఇప్పుడు కడుపుతో ఉండగా 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు. అవి మింగితే బిడ్డ నల్లగా పుడుతుందని చెప్పే పెద్దమ్మలు మా వైపు ఇంకా ఉన్నారు. నల్లబడేది విరేచనమే, బిడ్డ కాదు. దాన్ని టీతో మాత్రం వేసుకోకండి, ఇనుము ఒంటికి పట్టదు. నిమ్మకాయ నీళ్ళు మేలు.