మహాకాయ యంత్రాలు – వాస్తవికత

వాస్తవికత గురించి మన సాహిత్య విమర్శలో ఎంతో చర్చ జరిగింది. కథలోని మనిషి మాట్లాడే మాట, తినే తిండి, చేసే అప్పు వాస్తవంగా ఉన్నాయా లేదా అని పట్టిపట్టి చూశాం. కాని మన పిల్లలు గంటల తరబడి గడుపుతున్న ఒక కాల్పనిక ప్రపంచాన్ని మాత్రం విమర్శకు తగని వస్తువుగా వదిలేశాం. అది వీడియో ఆటల ప్రపంచం. అందులో ఒక్క పాయను, అంటే మనిషి లోపల కూర్చుని నడిపే మహాకాయ రోబోలను తీసుకుని, వాటి పరిమాణానికీ వాస్తవికతకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు నన్ను పురికొల్పినవాడు మా మండపేటలో తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లవాడు. పాఠంలో ఘటోత్కచుడి ప్రస్తావన వచ్చినప్పుడు లేచి, "మాస్టారండీ, ఘటోత్కచుడు ఎన్ని టన్నులుంటాడండీ?" అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేను కసిరి కూర్చోబెట్టాను. వాడు ఆడే ఆటలో ప్రతి రోబోకూ బరువు రాసి ఉంటుందని తరువాత తెలిసింది. బరువు చెప్పని మహాకాయుణ్ణి వాడు నమ్మలేకపోతున్నాడు. వాస్తవికతకు సంబంధించిన మొట్టమొదటి ప్రశ్నే వాడు అడిగాడని నాకు అర్థం కావడానికి కొన్ని రోజులు పట్టింది.

శాస్త్రం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పింది. ఒక ఆకారాన్ని అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే దాని బలం వైశాల్యాన్ని బట్టి, బరువు ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతాయని 1638లో గెలీలియో వివరించాడు. 1926లో జె.బి.ఎస్. హాల్డేన్ జీవుల పరిమాణం గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలో బన్యన్ 'పిల్‌గ్రిమ్స్ ప్రోగ్రెస్' బొమ్మల్లోని అరవై అడుగుల రాక్షసులకు ఈ లెక్క వర్తింపజేశాడు. వాళ్లు మనిషికంటే ఎత్తులో, వెడల్పులో, మందంలో పది రెట్లు. కనుక బరువు వెయ్యి రెట్లు. కాని ఎముక అడ్డుకోత వైశాల్యం పెరిగేది నూరు రెట్లే. అంటే ఎముకలో ప్రతి చదరపు అంగుళం మీదా పదింతల భారం పడుతుంది. మనిషి తొడ ఎముక దాదాపు పదింతల భారానికి విరుగుతుంది. కాబట్టి ఆ రాక్షసుడు అడుగు వేశాడంటే తొడ విరిగినట్టే.

హాల్డేన్ మనకు పరాయివాడు కాడు. మార్క్సిజాన్ని, జీవశాస్త్రాన్ని కలిపి ఆలోచించినవాడు. కార్మికుల పత్రికకు సైన్సు వ్యాసాలు రాసినవాడు. 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడి, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన వీలునామా ప్రకారం ఆయన దేహం మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. రాక్షసుల ఎముకల లెక్క చెప్పినవాడు తన దేహాన్ని గోదావరి సీమ విద్యార్థులకు పాఠంగా ఇచ్చిపోయాడు.

ఇక యంత్రాల చరిత్రకు వద్దాం. ఈ మహాకాయుల పుట్టినిల్లు యుద్ధానంతర జపాన్. 1956లో యోకోయామా మిత్సుతేరు సృష్టించిన 'తెత్సుజిన్ 28'ను ఒక బాలుడు దూరం నుంచి మీటలతో నడుపుతాడు. మీటల పెట్టె ఎవరి చేతిలో ఉంటే యంత్రం వారి పక్షాన పోరాడుతుంది. యుద్ధంలో ఓడి, బాంబుల కింద కాలిన జాతికి ఈ కల్పన ఊరికే పుట్టలేదని గమనించాలి. 1972లో గో నగాయ్ 'మజింగర్ జెడ్'లో మనిషిని యంత్రం తలలోనే కూర్చోబెట్టాడు. అది 18 మీటర్ల ఎత్తు, 20 టన్నుల బరువు. 1979లో తోమినో యోషియుకి దర్శకత్వంలో వచ్చిన 'గుండమ్' కూడా 18 మీటర్లే. బరువు మాత్రం 43.4 టన్నులకు పెరిగింది.

పద్దెనిమిది మీటర్లంటే దాదాపు అరవై అడుగులు. హాల్డేన్ తొడలు విరగ్గొట్టిన రాక్షసుడి ఎత్తు సరిగ్గా అదే! ఆరడుగుల, డెబ్బై కిలోల మనిషిని అన్ని వైపులా పది రెట్లు పెంచితే డెబ్బై టన్నులవుతాడు. అంటే లోహంతో చేసిన గుండమ్ రక్తమాంసాల రాక్షసుడికంటే తేలిక. మజింగర్ అయితే అతనిలో మూడోవంతు కూడా లేదు. అద్భుత లోహాలతో చేశామని కథకులు సర్దిచెప్పారు. అంకెలు వేసినంత మాత్రాన వాస్తవికత సిద్ధించదని దీన్నిబట్టి తెలుస్తుంది.

వీడియో ఆటలు ఈ లోపాన్ని వేరే మార్గంలో పూడ్చుకోజూశాయి. 1984లో అమెరికాలో వచ్చిన 'బ్యాటిల్‌టెక్' అనే బల్లమీది ఆట, యంత్రాలను 20 నుంచి 100 టన్నుల వరకు బరువును బట్టి వర్గీకరించింది. 1989లో దాని ఆధారంగా 'మెక్‌వారియర్' అనే కంప్యూటర్ ఆట, 1995లో దాని రెండో భాగం వచ్చాయి. వీటిలో యంత్రం చురుగ్గా తిరగదు. ఆయుధాలు వరసగా పేలిస్తే వేడెక్కి ఆగిపోతుంది. 2002లో జపాన్‌లో విడుదలైన 'స్టీల్ బెటాలియన్' ఇంకా ముందుకు పోయింది. దాని కోసం సుమారు నలభై బొత్తాలు, రెండు మీటలు, మూడు పెడల్స్ ఉన్న ప్రత్యేక పరికరం అమ్మారు. యంత్రం పేలిపోయే లోగా బయటపడే బొత్తాం నొక్కకపోతే, ఆటగాడు అంతవరకు సాధించినదంతా చెరిగిపోతుంది. పరిమాణం ఇక్కడ కంటికి కనిపించే ఎత్తుగా కాక, చేతికి తెలిసే భారంగా మారింది. శిల్పపరంగా ఇది నిజమైన పురోగతి అని ఒప్పుకోవాలి.

బరువంటే ఏమిటో మా ప్రాంతపు రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. సార్వా కోతల వేళ తుఫాను వాన పడితే టైర్ల మీద నడిచే వరికోత మిషను చేలో దిగబడుతుంది. అందుకే చైను మిషను తెస్తారు. చైను ఎక్కువ మేర నేలను ఆనుతుంది కనుక బురద దాన్ని మోస్తుంది. కొన్ని టన్నుల కోత మిషనుకే ఇంత జాగ్రత్త కావలసినప్పుడు, రెండు పాదాల మీద నడిచే నలభై టన్నుల యంత్రం మా చేలో నాలుగడుగులు వేయలేదు.

నిజంగా తయారైన యంత్రాలు కూడా ఈ సత్యానికే తలవంచాయి. యోకోహామాలో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి వరకు ప్రదర్శించిన 18 మీటర్ల గుండమ్ చేతులూ కాళ్లూ కదిపింది, కాని నడుము దగ్గర ఉక్కు ఆధారం పట్టుకునే ఉంది. 2023లో జపాన్‌లోనే వచ్చిన, మనిషి లోపల కూర్చునే 'ఆర్కాక్స్' ఎత్తు 4.5 మీటర్లు, అది చక్రాల మీద కదులుతుంది. మన దగ్గర నాగ్ అశ్విన్ చిత్రం 'కల్కి 2898 ఎ.డి.' కోసం మహీంద్ర, కోయంబత్తూరుకు చెందిన జయం సంస్థలు కలిసి 'బుజ్జి'ని తయారుచేశాయి. 2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో ప్రజల ముందుకు వచ్చిన బుజ్జి సుమారు ఆరు టన్నుల బండి. మూడు చక్రాల మీద నిజంగా నడుస్తుంది. తెర మీద మాత్రమే అది రోబోగా లేచి నిలబడుతుంది. ఎంత వాస్తవానికి దగ్గరైతే యంత్రం అంత నేలకు దగ్గరవుతోంది.

అయితే భౌతిక సూత్రాలతోనే వాస్తవికత పూర్తవుతుందా? కాదని నా అభిప్రాయం. ఈ యంత్రాన్ని ఎవరు నిలబెడుతున్నారు, ఎవరి కోసం, ఎవరి ఖర్చుతో అన్నది అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చిన ఆట 1997 నాటి 'ఆర్మర్డ్ కోర్'. అందులో ఆటగాడు పరస్పరం పోటీపడే కంపెనీలకు కూలికి పోరాడే కిరాయి సైనికుడు. పని ముగిశాక మరమ్మతు ఖర్చు, తూటాల ఖర్చు కూలిలోంచి తగ్గిస్తారు. అప్పు హద్దు దాటితే అతని శరీరం మీద ప్రయోగాలు జరుపుతారు. అప్పు తీరక పాలేరుగా కుదిరిన మనిషి కథలు చదివిన మనకు ఇది కొత్త కాదు. కాని ఆ ప్రయోగం వల్ల ఆటగాడికి అదనపు శక్తులు వస్తాయి. వాటి కోసం కావాలని అప్పుల్లో కూరుకుపోయే ఆటగాళ్లున్నారు! దోపిడీని చూపిన ఆటే దాన్ని వరంగా మార్చింది. రూపంలో వాస్తవికత ఉండి, సారంలో వాస్తవాన్ని తలకిందులు చేయడమంటే ఇదే.

ఈ ఆటల్లో యంత్రం అడుగు కింద పడేవాడి కథ అరుదు. రాత్రంతా మేల్కొని కీళ్లకు గ్రీజు పెట్టే మెకానిక్కు ముఖం అరుదు. నేటి యుద్ధాల్లో ఆకాశం నుంచి చంపే డ్రోను చిన్నది. దాన్ని నడిపేవాడు ఎక్కడో దూరంగా క్షేమంగా ఉంటాడు. ఎదురుగా నిలిచి, తానూ చావగల వీరుణ్ణి చూపే మహాకాయ యంత్రం ఆ నిజాన్ని కప్పిపుచ్చుతోంది.

మా కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు వస్తాయి. వాటికి చక్రాలు లేవు, ఇంజన్ లేదు. మనుషులు భుజాల మీద మోసుకుంటూ వరిచేలలో నడుస్తారు. గంగలకుర్రు ప్రభలయితే కౌశిక దాటి రావాలి. మతపరమైన ఆ తంతుతో నాకు పేచీ ఉండవచ్చు. కాని అక్కడ ఎత్తును చూసినవాడికి దాని కింద ఒరిగిన భుజాలు కూడా కనిపిస్తాయి. పరిమాణం వెనక శ్రమ దాగలేదు. వీడియో ఆటలో యంత్రం ఒక్కడి సొంతం. దాన్ని మోసే వేలమంది తెర వెలుపలే ఉండిపోతారు.

కనుక ఈ ఆటలను చిన్నపిల్లల వ్యవహారమని కొట్టిపారేయడం తప్పు. వాటి సాంకేతిక నైపుణ్యానికి మురిసి ఊరుకోవడమూ తప్పే. తెలుగులో సైన్సు కల్పన రాయదలచిన యువ రచయితలు మహాకాయుణ్ణి నిరభ్యంతరంగా సృష్టించవచ్చు. అతని బరువును నేల ఎలా మోస్తుందో, అతని ఖర్చును ఏ మనుషులు మోస్తున్నారో కూడా రాయాలి.

నేను కసిరిన పిల్లవాణ్ణి మర్నాడు బల్ల దగ్గరికి పిలిచి హాల్డేన్ లెక్క చేయించాను. అరవై అడుగులని అనుకుంటే ఘటోత్కచుడు డెబ్బై టన్నులు తేలాడు. సుద్దముక్క పెట్టేసి వాడు కాసేపు ఆలోచించి, "అంత బరువుకి రోజూ ఎంత అన్నం కావాలండీ? ఎవరు పండిస్తారండీ?" అన్నాడు. ఈసారి తరగతిలో ఎవరూ నవ్వలేదు.