చిట్టా ఎవరు రాయాలి? ఫ్లాష్ ఫైల్‌సిస్టమ్‌ల పుట్టుక

తోషిబాలో పనిచేసే ఫుజియో మసువొకా 1984లో ఫ్లాష్ మెమరీని లోకానికి చూపించాడు. 1987లో దానికి చవక తమ్ముడు నాండ్ వచ్చింది. కరెంటు పోయినా రాసింది పోదు, కదిలే భాగాలు లేవు. చిక్కల్లా చెరపడంలోనే. ఖాళీ ఫ్లాష్‌లో ఉండేవన్నీ 1లు. 1ని 0 చెయ్యడం తేలిక. ఒక్క 0ని మళ్ళీ 1 చెయ్యాలంటే మాత్రం అదున్న బ్లాకు మొత్తం, 64 కిలోబైట్లో 128 కిలోబైట్లో, ఒక్కసారే చెరపాలి. ఆ చెరపడానికీ లెక్కుంది. పాత రకాల్లో బ్లాకు సుమారు లక్షసార్లు ఓర్చుకునేది, తర్వాతి చవక రకాల్లో కొన్ని వేలసార్లే.

హార్డ్ డిస్కు కోసం పుట్టిన ఫైల్‌సిస్టమ్‌కి ఈ గొడవ తెలియదు. తన పట్టికల్ని ఉన్నచోటే మళ్ళీ మళ్ళీ దిద్దుతుంది, ఆ బ్లాకులు ముందే అరిగిపోతాయి. చెరిపాక, తిరిగి రాసేలోగా కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఫ్లాష్ మీద నడిచే రౌటర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేసేవాళ్ళెవరు? ప్లగ్గు పీకేస్తారు, అంతే.

స్వీడన్‌లోని లుండ్‌లో నెట్‌వర్క్ కెమెరాలు తయారుచేసే యాక్సిస్ కంపెనీ 1999లో ఇందుకే జేఎఫ్ఎఫ్ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ రాసుకుంది. అది దేన్నీ దిద్దదు, ఏ మార్పునైనా చివర్లో కొత్త పద్దుగా చేరుస్తుంది. ఈ ఊహ వాళ్ళది కాదు. బర్కిలీలో రోజెన్‌బ్లమ్, ఔస్టర్‌హౌట్ 1991 నాటికే డిస్కుల మీద చేసి చూపారు. అయినా అది పుట్టిందే ఫ్లాష్ కోసమా అనిపిస్తుంది నాకు. మొదటి జేఎఫ్ఎఫ్ఎస్ మారని ఫైళ్ళను కూడా చుట్టూ తిప్పుతూ ఫ్లాష్‌ని ఊరికే అరగదీసేది. 2001లో రెడ్ హ్యాట్‌లో డేవిడ్ వుడ్‌హౌస్ తిరగరాసిన జేఎఫ్ఎఫ్ఎస్2 ఆ తిప్పుడు చాలావరకు మానింది, డేటాను కుదించి దాచడం నేర్చింది.

దానికీ ఓ బలహీనత ఉంది. కొట్లో రోజువారీ చిట్టా ఒక్కటే రాసి, ఖాతాలవారీ ఆవర్జా పెట్టకపోతే, ఎవరి బాకీ ఎంతో తేల్చడానికి చిట్టా అంతా తిరగెయ్యాలి. జేఎఫ్ఎఫ్ఎస్2 మౌంట్ అయిన ప్రతిసారీ చేసేది అదే. ఫ్లాష్‌ని గాలించి ఆవర్జాను ర్యామ్‌లో కట్టుకుంటుంది. 8 మెగాబైట్లకు ఇబ్బంది లేదు. వందల మెగాబైట్ల నాండ్ వచ్చేసరికి బూట్ సమయం, ర్యామ్ వాడకం రెండూ పెరిగిపోయాయి.

నాండ్ కోసమే 2002లో న్యూజిలాండ్‌కు చెందిన చార్లెస్ మానింగ్ యాఫ్స్ రాశాడు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లు దాని మీదే నడిచాయి, కానీ అసలు లినక్స్ కెర్నెల్లోకి అదెన్నడూ చేరలేదు. చేరింది నోకియా ఇంజనీర్లు హంగరీలోని సెగెడ్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసిన యూబీఐఎఫ్ఎస్, 2008లో. వాళ్ళు పని పంచారు: చెడ్డ బ్లాకుల్ని తప్పించడం, అరుగుదలను అన్నిటికీ సమంగా పంచడం కింది పొర యూబీఐ వంతు. పైనున్న ఫైల్‌సిస్టమ్ ఆవర్జాను ఫ్లాష్ మీదే దాచుకుంటుంది.

ఈలోగా చిప్పు తయారీదారులు ఈ పనంతా తమ చేతిలోకి తీసుకున్నారు. ఎస్‌డీ కార్డులో, ఈఎంఎంసీ చిప్పులో ఉండే కంట్రోలర్ ఫ్లాష్‌ని కప్పేసి డిస్కులా నటిస్తుంది. దాని మీద యూబీఐఎఫ్ఎస్‌కి పనిలేదు. 2010 చివర్లో వచ్చిన నెక్సస్ ఎస్ ఫోన్ యాఫ్స్‌ని వదిలి డిస్కుల ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4కి మారింది. కంట్రోలర్ స్వభావం తెలిసి రాసిన శాంసంగ్ వారి ఎఫ్2ఎఫ్ఎస్ 2013లో కెర్నెల్లో చేరింది.

కాబట్టి బోర్డు చేతికొస్తే మొదట చూడాల్సింది ఫైల్‌సిస్టమ్ పేర్లు కాదు, ఫ్లాష్ విడిగా ఉందా, కంట్రోలర్ వెనక ఉందా అన్నది. విడి నాండ్ అయితే యూబీఐఎఫ్ఎస్. నార్ అనే మరో రకం ఫ్లాష్ కొద్ది మెగాబైట్లే ఉన్న రౌటర్లలో ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ చేసే ఏర్పాటు నాకు ముచ్చటగా ఉంటుంది: సిస్టమ్ అంతా రాతకు వీల్లేని స్క్వాష్‌ఎఫ్ఎస్‌లో, సెట్టింగులు దానిపై పరిచిన జేఎఫ్ఎఫ్ఎస్2లో. ఫ్యాక్టరీ రీసెట్ అంటే ఆ పై పొరను చెరిపెయ్యడమే.

కంట్రోలర్ ఉన్నా అరుగుదల ఆగదు. 2021లో అమెరికాలో టెస్లా దాదాపు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. తెర వెనకున్న 8 గిగాబైట్ల ఈఎంఎంసీ రాతలకు అరిగి, రివర్స్ కెమెరా బొమ్మ రాకుండా పోయే ప్రమాదం వచ్చింది. మరమ్మతుగా 64 గిగాబైట్లది బిగించారు.