వచ్చే ఏడు చూద్దాం

"ఈ ఏడు కుదరలేదు, వచ్చే ఏడు చూద్దాం." ఈ మాట వినని ఇల్లాలు మనలో వుందా? జత గాజులు కావచ్చు, కాశీ ప్రయాణం కావచ్చు, వంటింటికి కొత్త గట్టు కావచ్చు. అనేవాళ్ళకి అది వాయిదా, వినేవాళ్ళకి అది ఆశ. అయితే ఒక వూరు వూరంతా ఏళ్ళ తరబడి ఇదే మాటని ఊతపదం చేసుకుని బతికిందంటే నమ్ముతారా? అదీ ఒక ఆట కోసం!

ఆ వూరు బ్రూక్లిన్. ఆ ఆట బేస్‌బాల్.

1898 దాకా బ్రూక్లిన్ విడిగా ఒక నగరం. ఆ ఏడు దాన్ని న్యూయార్కులో కలిపేశారు. అప్పట్నుంచీ ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి హోదా దానిది. ఆకాశాన్నంటే మేడలూ, డబ్బూ, దర్జా అన్నీ మాన్‌హట్టన్‌వి. బ్రూక్లిన్‌కి మిగిలినవి ఇరుకు వీధులూ, ఎక్కడెక్కడి దేశాల నుంచో వలస వచ్చిన కుటుంబాలూ, లెక్కలేనన్ని ట్రాములూ. ఆ ట్రాముల కింద పడకుండా తప్పుకుని తిరిగే జనాన్ని 'డాడ్జర్స్', అంటే తప్పుకునేవాళ్ళు, అని ఎగతాళి చేసేవారు. చివరికి ఆ ఎగతాళి పేరే వాళ్ళ జట్టుకి స్థిరపడింది. అభిమానులు ముద్దుగా 'బమ్స్' అనేవారు. మన అమ్మమ్మలు మనవణ్ణి "వెధవాయ్" అని దగ్గరికి తీసుకోరూ, అలాగన్నమాట.

ఆట నియమాలు చెప్పి మిమ్మల్ని విసిగించను. ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఆ రోజుల్లో రెండు లీగులుండేవి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు చివరిదాకా ఒక్కో జట్టు 154 ఆటలు ఆడేది. రెండు లీగుల్లోనూ మొదట నిలిచిన జట్లు అక్టోబరులో వరల్డ్ సిరీస్‌లో తలపడేవి. ఏడింటిలో నాలుగు ఆటలు ముందు గెలిచినవాళ్ళదే కిరీటం.

మరి అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా? చలి, మంచు, కబుర్లు. అమెరికా పల్లెటూళ్ళలో దుకాణం మధ్య ఇనప పొయ్యి వుండేది. దాని చుట్టూ చేరి, అయిపోయిన ఆటల్నీ రాబోయే ఆటల్నీ చర్చించేవారు. ఆ కబుర్లకి 'వేడి పొయ్యి లీగ్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఎవరి మోచెయ్యి నొప్పి తగ్గింది, ఎవరికి వయసు మీదపడింది, ఎవర్ని పంపేసి ఎవర్ని తెచ్చారు... చదువుతూ వుంటే నాకు మన ఇళ్ళలో పెళ్ళిచూపులయ్యాక జరిగే చర్చే గుర్తుకొచ్చింది. ఇటు నలుగురూ అటు నలుగురూ చేరి ఒక మనిషి గుణదోషాల్ని తూకం వెయ్యడం ఎక్కడైనా ఒకటే!

బ్రూక్లిన్ వాళ్ళ తూకంలో రాయి ఎప్పుడూ ఒకవైపే మొగ్గేది. 1916లోనూ, 1920లోనూ వరల్డ్ సిరీస్ దాకా వెళ్ళి ఓడిపోయారు. 1941లో మళ్ళీ వెళ్ళారు. నాలుగో ఆట గెలిచినట్టే. చివరి యాంకీ ఆటగాడు బంతిని కొట్టలేకపోయాడు కూడా. తీరా చూస్తే వెనక నిలబడ్డ మికీ ఓవెన్ చేతుల్లోంచి ఆ బంతి జారిపోయింది. దాంతో ఆట పోయింది, మర్నాడు సిరీసే పోయింది. 1947, 1949, 1952, 1953 సంవత్సరాల్లో కూడా అదే పక్కింటి యాంకీల చేతిలోనే ఓటమి. 1951లో ఆగస్టు నాటికి పదమూడు ఆటల ఆధిక్యంలో వుండి కూడా, చివరి రోజు చివరి దెబ్బతో జయంట్స్‌కి లీగు అప్పజెప్పేశారు. ఇన్ని దెబ్బలు తిన్నాక మనమైతే రేడియో కట్టేసి మూల పెట్టేవాళ్ళం. వాళ్ళు మాత్రం కళ్ళు తుడుచుకుని, "వచ్చే ఏడు చూద్దాం" అనుకునేవారు.

ఈ కథలో ఆడవాళ్ళు ఎక్కడున్నారని మీరు అడగబోతున్నారు కదూ? వున్నారు, బాగానే వున్నారు. రేడియోలో చెబితే మైదానానికి జనం రారేమోనన్న భయంతో, 1939 దాకా న్యూయార్కు జట్లు మూడూ ప్రసారాన్ని ఆపుకున్నాయి. ఆ ఏడు బ్రూక్లిన్ ఆ కట్టు తెంచింది. రెడ్ బార్బర్ అనే వ్యాఖ్యాత నింపాదిగా, కథ చెప్పినట్టు ఆటని వర్ణించేవాడు. కూర తరుగుతూ, బట్టలు ఇస్త్రీ చేస్తూ గృహిణులు ఆట నేర్చుకున్నారు. వేసవిలో కిటికీలన్నీ తెరిచి వుండేవి కాబట్టి, వీధి వెంట నడిచి వెళ్ళేవాడు ఒక్క బంతి కూడా తప్పకుండా ఆటంతా వినవచ్చుననేవారు.

హిల్డా ఛెస్టర్ అనే ఆవిడ సంగతి చూడండి. మైదానంలో చవక సీట్లలో కూచుని గొంతు చించుకుని అరిచేది. గుండెపోటు వచ్చింది. అరవకూడదన్నాడు డాక్టరు. సరే, అరవడం మానేసి, మూకుడూ ఇనప గరిటె తెచ్చుకుని వాయించడం మొదలుపెట్టింది! ఆ మోత చూసి ఆటగాళ్ళే ఆవిడకి ఒక ఆవు మెడ గంట బహూకరించారు. వంటింటి సామాను ఇంత చరిత్రకెక్కడం నేను ఇంకెక్కడా చదవలేదు.

ఇంకొక చిన్న పిల్ల వుంది. పేరు డోరిస్ కెర్న్స్, 1943లో పుట్టింది. తరవాత పెద్ద చరిత్రకారిణి అయింది. ఆరేళ్ళప్పుడు తండ్రి ఆమెకి స్కోరు రాయడం నేర్పాడట. పగలు తండ్రి ఆఫీసులో వుంటే, ఆ పిల్ల రేడియో ముందు కూచుని ప్రతి బంతీ పుస్తకంలో రాసుకుని, సాయంత్రం ఆయనకి ఒప్పజెప్పేది. మొదట్లో వస్తూనే గెలిచారో ఓడారో చెప్పేసేదట. తరవాత తెలుసుకుంది, చివరిది చివరనే చెప్పాలని! నవలలు రాసుకునే నేను ఆ మాట దగ్గర పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. మనకి ఈ విద్య ఎంత ఆలస్యంగా పట్టుబడింది!

అయితే ఆ పొయ్యి చుట్టూ జరిగినవన్నీ సరదా కబుర్లు కావు. 1947 ఏప్రిల్‌కి ముందు బ్రూక్లిన్ తూకం వేసినది ఒక మనిషి ఆటని మాత్రమే కాదు, అతని ఓర్పుని కూడా. అతను జాకీ రాబిన్సన్. ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద లీగుల్లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి ఆటగాడు. ఎవరు ఎంత తిట్టినా తిరిగి ఒక్క మాట అనకూడదని, జట్టు పెద్ద బ్రాంచ్ రికీ ముందే మాట తీసుకున్నాడు. ఏప్రిల్ 15న రాబిన్సన్ మైదానంలోకి దిగాడు. ఎదుటి జట్ల నుంచి బూతులు, టపాలో చంపుతామన్న బెదిరింపులు. అన్నీ దిగమింగి ఆ ఏడు కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడనిపించుకున్నాడు. మెట్టినింట నోరు విప్పకుండా నెగ్గుకొచ్చిన కోడళ్ళకి ఆ ఓర్పు ఖరీదు ఎంతో నేను చెప్పనక్కర్లేదు.

అభిమానులు మాత్రం ఆటగాణ్ణి సొంత బిడ్డలాగే చూసుకునేవారు. 1952 వరల్డ్ సిరీస్‌లో గిల్ హాడ్జెస్‌కి 21 సార్లు బంతి ఎదుర్కొన్నా ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. మరుసటి వసంతంలోనూ అదే అవస్థ. వేరే వూళ్ళో అయితే రాళ్ళు వేసేవారేమో! బ్రూక్లిన్‌లో మాత్రం ఒక చర్చి ఫాదరీ, ఇంత ఎండలో ప్రసంగం వద్దు, ఇంటికి వెళ్ళి హాడ్జెస్ కోసం ప్రార్థించండి అని భక్తులకి చెప్పి పంపేశాడు.

ఇక 1955 వచ్చింది. ఆ చలికాలపు తూకం చూడండి. వెనకటి ఏడు క్యాంపనెల్లా చెయ్యి దెబ్బతిని కొట్టలేకపోయాడు, ఈ ఏడైనా బాగుపడుతుందా? రాబిన్సన్‌కి 36 ఏళ్ళు నిండాయి, కాళ్ళు సహకరిస్తాయా? న్యూకోంబ్ చేతిలో పాత వేగం వుందా? వీటి మీద రోజూ వాదించుకోవడానికి వాళ్ళ సొంత పత్రిక కూడా కరువైంది. ఒకప్పుడు కవి వాల్ట్ విట్మన్ సంపాదకత్వం వహించిన 'బ్రూక్లిన్ ఈగిల్', 114 ఏళ్ళు నడిచి, ఆ జనవరి చివర్లోనే మూతపడింది.

ఏప్రిల్‌లో జట్టు వరసగా పది ఆటలు గెలిచింది. క్యాంపనెల్లా కోలుకున్నాడు, న్యూకోంబ్ ఇరవై ఆటలు గెలిపించాడు. అక్టోబరు 4న యాంకీలతో ఏడో ఆట, అంటే అఖరి ఆట. ఆ రోజు రాబిన్సన్ ఆడనే లేదు. న్యూకోంబ్ బంతి విసరలేదు. విసిరినవాడు జానీ పోడ్రెస్. ఇరవైమూడు నిండి నాలుగు రోజులైన కుర్రాడు, ఆ ఏడు అతను గెలిపించినవి తొమ్మిది, ఓడినవి పది! ఆరో భాగంలో యాంకీలు కొట్టిన బంతి ఎడమ గీత పక్కకి దూసుకుపోయింది. క్యూబా నుంచి వచ్చిన శాండీ అమొరోస్‌ని కాస్త ముందే అక్కడ నిలబెట్టారు. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి గ్లవ్ కుడిచేతికి వుంది. అందుకే పరుగెత్తి చెయ్యి చాచి అందుకోగలిగాడు. బ్రూక్లిన్ 2–0తో గెలిచింది. అన్నేళ్ళూ పొయ్యి చుట్టూ వేసిన లెక్కల్లో ఈ కుర్రాళ్ళిద్దరి మీదా పందెం కాసినవాడు ఎవడైనా వుంటాడా?

'వచ్చే ఏడు' చివరికి వచ్చింది. వీధుల్లో హారన్లు, గిన్నెల మోతలు, కన్నీళ్ళు. కాని అది రెండేళ్ళ ముచ్చటే అయింది. యజమాని వాల్టర్ ఓమాలీకి కొత్త మైదానం కావాలి. అతను కోరినచోట నగరం స్థలం ఇవ్వలేదు, లాస్ ఏంజిలెస్ ఇస్తానంది. 1957 సెప్టెంబరు 24న ఎబెట్స్ ఫీల్డ్‌లో చివరి ఆట చూడటానికి వచ్చినవాళ్ళు 6,702 మంది. ఆర్గన్ వాయించే గ్లాడిస్ గుడింగ్ అనే ఆవిడ ఆ రోజు వీడ్కోలు పాటలు వాయించింది. 1960లో మైదానాన్ని పడగొట్టి, ఆ స్థలంలో ఇళ్ళ సముదాయం కట్టారు.

అన్ని ఓటములకీ చెక్కుచెదరని వూరు దీనికి కుంగిపోయింది. ఎందుకంటే ఆ ఏడు మొదటిసారిగా చలికాలంలో తూకం వెయ్యడానికి ఏమీ లేకపోయింది. ఆ లెక్కలు తప్పని ఎవరికి తెలియదు? ఆఫీసు నుంచి వచ్చిన తండ్రి కూతురితో మాట్లాడటానికి, కొట్టువాడు ఇల్లాలితో మాట్లాడటానికి, ఇటలీ వాళ్ళూ యూదులూ నల్లవాళ్ళూ ఒకే గుమ్మంలో నిలబడి మాట్లాడుకోవడానికి అదొక వంక. ఆటతో పాటు ఆ వంక కూడా పోయింది. డోరిస్‌కి పదిహేనేళ్ళు వచ్చిన ఆ మరుసటి ఏడే తల్లి కూడా పోయింది. ఆ రెండు దుఃఖాల్నీ ఆవిడ 1997లో ఒకే పుస్తకంలో రాసుకుంది.

పెద్దయ్యాక ఆవిడ బోస్టన్ ప్రాంతంలో కాపురం పెట్టి, రెడ్ సాక్స్ అనే జట్టుని ఇష్టపడి, తన కొడుకులకీ ఆ పిచ్చి అంటించింది. ఆ జట్టు 1918లో ఒకసారి నెగ్గింది. మళ్ళీ నెగ్గింది 2004లో! ఆ మధ్యకాలమంతా ప్రతి చలికాలం వాళ్ళూ ఏమనుకుని వుంటారో మీకు చెప్పాలా?