కాశీలో కావ్యమును యంత్రమును

నేను బడిలో పాఠములు చెప్పు దినములలో, పద్యమన్న ప్రాణమిడు శిష్యుడొకడు ఇంజనీరింగు చదువునకు బోవుచు, "రెంటిని సాధింపవచ్చునా?" యని యడిగెను. "రెండు పడవలపై గాలిడకు" మంటిని. అతడు పద్యమును విడిచెను. నా మాట తప్పని పిమ్మట కాశీ చరిత్ర వలన నెఱిగితిని.

పండిత మదనమోహన మాలవీయగారి కృషిచే 1916లో కాశీ హిందూ విశ్వవిద్యాలయము వెలసెను. 1919లో నచట ఇంజనీరింగు కళాశాల తెఱవబడెను. సంస్కృతము, చరిత్ర, తర్కము బోధించు చోటనే విద్యుచ్ఛక్తియు యంత్రనిర్మాణమును నేర్పిరి. చదువుకొన్న బిడ్డలు సుత్తియు నాకురాయియు స్వహస్తములతో బట్టిరి. 1939 మొదలు 1948 వఱకు ఉపకులపతిగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు దర్శనవేత్త. ఆదివారములందు భగవద్గీతపై నుపన్యసించెడివారు. 2012లో ఇంజనీరింగు శాఖ ఐ.ఐ.టి.గా వేఱుపడినను, ప్రాంగణమొక్కటియే.

పెద్దలారా! మీ మనుమడట్లే యడిగినచో, నేను చెప్పినట్లు చెప్పకుడు.